వరస కాయితం

సోమవారం పొద్దున, మెషీన్లకి ఇంకా కరెంటు వెయ్యకముందే జేబును లేపి నిలబెట్టారు.

జేబు అంటే లైన్లో రెండో మెషీను మీద చొక్కాలకి జేబులు కుట్టే అమ్మాయి. ఆ హాల్లో ఎవరినైనా చేసే పనితోనే పిలుస్తారు. భుజం, చెయ్యి, కాలరు, కఫ్ఫు, అంచు, అందరికన్నా చివర గుండీ. అమ్మానాన్నలు పెట్టిన పేర్లు హాజరు పుస్తకంలో పడుకుని ఉంటాయి. బడిపిల్లల తెల్లచొక్కా మొదటి మెషీను దగ్గర రెండు ముక్కలుగా బయలుదేరి, పదిమంది చేతులు మారి, గుండీ దగ్గరికొచ్చేసరికి చొక్కా అనిపించుకుంటుంది. మధ్యలో ఒక్క మెషీను ఖాళీ అయిందా, దానికి ముందు గుట్టలు పేరుకుపోతాయి, దాని తర్వాత వాళ్ళు ఖాళీ బుట్టలకేసి చూస్తూ కూర్చుంటారు.

"చెప్పమ్మా, ఎంతసేపు?" అంది వదిన.

వదిన ఆ హాలుకి పెద్ద. యాభై దాటిన మనిషి. ముక్కు చివర కళ్ళజోడు, మెడలో టేపు. మొదట ఎవరు పిలిచారో గాని, పెళ్ళికాని పిల్లల దగ్గర్నుంచి ఇస్త్రీ బల్ల దగ్గర ముసలాయన దాకా అందరికీ ఆవిడ వదినే.

జేబు గొంతు సవరించుకుంది. పదకొండు నెలల పిల్లవాడి తల్లి ఆ పిల్ల. ఇరవై రెండేళ్ళుంటాయో లేదో. చేతిలో కత్తెరతోనే లేచింది, దాన్ని ఎక్కడ పెట్టాలో తోచక వీపు వెనక దాచుకుంది.

"వరస తప్పాను. ఇప్పుడు రెండో నెల. నావల్ల లైనుకి ఇబ్బంది. అందరూ క్షమించండి."

ఇస్త్రీ బల్ల దగ్గర కిసుక్కుమన్న చప్పుడు. "వరస తప్పిందటరోయ్," అన్నాడు ముసలాయన పక్కవాడితో, ఆ మాటకున్న రెండో అర్థం హాలంతా వినబడేలాగా. జేబు చెవుల దాకా ఎర్రబడింది.

అలా నిలబడ్డవాళ్ళకి లైన్లో ఒక్కొక్కరూ "సరేలే" అనాలి. అదొక పద్ధతి. భుజం అంది. చెయ్యి అంది. కాలరు ఆవలిస్తూ అంది. ఆరు నెలల కిందట పెళ్ళయిన కఫ్ఫు, ఎటూ చూడకుండా అంది. చివరికి మిగిలింది గుండీ.

గుండీ తలెత్తలేదు. సూది బెజ్జంలోకి దారం ఎక్కిస్తోంది. ఎక్కిన దారాన్నే తీసి మళ్ళీ ఎక్కించింది. అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకి. వచ్చే నెల ఒకటో తారీకు నుంచి వరస తనది. ఎన్నాళ్ళనుంచో కాచుకుని కూర్చున్న వరస.

ఆ వరస సంగతి హాల్లో అందరికీ అన్నం నీళ్ళంత మామూలు, బయటివాళ్ళకి చెబితే నమ్మరు. చాలా ఏళ్ళ కిందట ఒక ఏడు ఒకే లైన్లో నలుగురు నీళ్ళోసుకుంటే లైను కూలబడి పెద్ద ఆర్డరు చెయ్యిజారిపోయింది. అప్పుడు ఆడవాళ్ళే కూర్చుని చేసుకున్న ఏర్పాటు ఇది. లైనుకి ఒక్కరే. పిల్లల్లేనివాళ్ళు ముందు. ఒకరున్నవాళ్ళు తర్వాత, అదీ మొదటి బిడ్డకి మూడేళ్ళు నిండాక. ఒకరు కని తిరిగొచ్చి మెషీను మీద కూర్చున్నాకే ఇంకొకరు ఆశ పెట్టుకోవాలి. ఎవరి తర్వాత ఎవరో, ఏ నెల నుంచో కాయితం మీద రాసి, అట్టకి అంటించి, బీరువా తలుపుకి లోపలివైపు తగిలిస్తారు. ఆ కాయితం రాసేది గుండీయే. అక్షరాలు గుండ్రంగా ఉంటాయని నాలుగేళ్ళుగా వదిన ఆమెకే అప్పజెప్పింది. తన కూతురు చిట్టికి మూడు నిండాయి, నాలుగు నిండాయి, ఐదు నిండాయి. కాయితం మీద 'గుండీ' అన్న మాట ఏటేటా ఒక్కో మెట్టు పైకెక్కడం తన చేత్తోనే రాసుకుంటూ వచ్చింది. ఇంత కాచుకున్నాక, పదకొండు నెలల పిల్లాణ్ణి చంకలో పెట్టుకున్న పిల్ల అడ్డంగా దూరి...

"ఏం గుండీ, నోరు పడిపోయిందా?" అంది వదిన.

"సూది ఎక్కిస్తున్నా."

వదిన ఒక్క క్షణం చూసి స్విచ్చు వేసింది. మెషీన్లన్నీ ఒక్కసారిగా గొంతెత్తాయి. జేబు ఇంకా నిలబడే ఉంది. ఎవరూ కూర్చోమనకపోయేసరికి తనే కూర్చుంది.

గుండీలు కుట్టాలంటే ముందు గుర్తులు పెట్టాలి. దానికి జానెడున్నర అట్టముక్క ఒకటి ఉంటుంది, ఎడానికో గంటుతో. చొక్కా అంచున దాన్ని ఆనించి గంటు దగ్గరల్లా సుద్దతో చుక్క పెట్టుకుంటూ పోవాలి. కాలరు గుండీకీ దాని కిందదానికీ ఎడం కాస్త తక్కువ, మిగతావన్నీ సమానం. ఆ మొదటి ఎడం ఎక్కువైతే చొక్కా రొమ్ము దగ్గర నోరు తెరుస్తుంది, మరీ తక్కువైతే మెడ పట్టేస్తుంది. గుండీ దగ్గరున్న అట్టముక్క చివర్లు చివికి, గంట్లు అరిగి, ఎక్కడ చుక్క పెట్టాలో కంటికి ఆనడం లేదు. కొత్తది కావాలని పోయిన నెలే అడిగింది. "అట్టలేమన్నా చెట్లకి కాస్తున్నాయా?" అంది వదిన.

ఆ రోజు ఇరవై మూడు చొక్కాలకి గుర్తులు తప్పాయి. కుట్టు విప్పి మళ్ళీ కుట్టాల్సొచ్చింది. విప్పిన ప్రతి కుట్టుకీ ఒకసారి జేబును మనసులో తిట్టుకుంది.

ఇంటికెళ్ళేసరికి చిట్టి బట్టల క్లిప్పుల్ని నేలమీద బారుగా నిలబెట్టి ఆడుతోంది. పచ్చ క్లిప్పు ఒకటి ముందుకి జరిగినట్టుంది. చిట్టి దాని నెత్తిన మొట్టి, "నీ వరస కాదు, వెనక్కి పో," అంది.

గుండీ చెప్పు విడుస్తున్నదల్లా ఆగిపోయింది. "ఎవరు నేర్పారే నీకు ఆ మాట?"

"నువ్వే," అంది చిట్టి, తలెత్తకుండా.

అత్తగారు మంచం మీద ఉతికిన బట్టలు మడత పెడుతోంది. కోడలి మొహం చూసి విషయం గుచ్చి గుచ్చి అడిగి రాబట్టింది. విన్నాక చిట్టి పాతగౌను ఒకటి తీసి దులిపి, మళ్ళీ మడతపెట్టింది.

"ఆ పిల్లే నయం. నీ మొగుడికీ వాడి చెల్లెలికీ ఏడాదిన్నర ఎడం. ఒక్క ఊపులో పెరిగిపోయారు ఇద్దరూ. ఒక జబ్బు వస్తే ఇద్దరికీ కలిపే వచ్చేది, ఒక్క మందు సీసాతో పోయేది. మీరేమో పొలం సర్వే చేసినట్టు ఎడాలు కొలుచుకుంటూ కూర్చోండి."

"నేను కొలుస్తున్నానా అత్తయ్యా?"

"మరెవరు కొలుస్తున్నారమ్మా, నేనా?"

భర్త బస్సు డిపోలో మెకానిక్కు. సింకు దగ్గర మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటూ అంతా వింటున్నాడు. ఎవరితోనూ పేచీ పెట్టుకోని మనిషి. పేచీ పెట్టుకోకపోవడమే మంచితనం అనుకుంటాడు.

"అయిందేదో అయింది. నీ వరస మళ్ళీ వచ్చినప్పుడే చూద్దాంలే," అన్నాడు. "ఐదైతేనేం, ఏడైతేనేం? పెద్దది చిన్నదాన్ని ఎత్తుకు తిప్పుతుంది. నీకే పని తగ్గుతుంది."

"మీరు కూడా ఆ మాటే అంటున్నారా?"

"ఏ మాట?"

"వరస! హాల్లో అదే మాట, మీ నోట అదే మాట, ఇదిగో ఈ క్లిప్పుల దగ్గరా అదే మాట. ఆవిడ ఏడాదిన్నర అంటుంది. మీరు ఏడైనా పర్లేదంటారు. కాయితం మూడంటుంది, మూడని ఐదు చేస్తుంది. కనేది నేను. నన్నెవరన్నా ఒక్కసారి అడిగారా, నీకెంత ఎడం కావాలే అని?"

అతను కుళాయి కట్టాడు. చేతులనుంచి నల్లటి నురగ కారుతోంది.

"సరే. అడుగుతున్నా. ఎంత కావాలి?"

ఎవరూ అడగని ప్రశ్నకి జవాబు దగ్గర పెట్టుకుని తిరుగుతారా ఎవరైనా? గుండీ చిట్టి వైపు చూస్తూ అంది.

"మూడు. చిట్టికి మూడున్నప్పుడు కావాలనుకున్నా. అది బళ్ళో చేరేలోపల. అయిపోయింది అది."

అతను తువ్వాలు కోసం అటూ ఇటూ చూశాడు. అది ఆమె భుజం మీదే ఉంది. అడగలేక చొక్కాకి తుడుచుకున్నాడు.

మంగళవారం మధ్యాహ్నం వదిన ఆమెను అద్దాల గదిలోకి పిలిచింది. గది అంటే హాలు మూల అద్దాలతో అడ్డం కట్టిన నాలుగడుగుల చోటు. ఒక బల్ల, రెండు కుర్చీలు, ఇనప్పెట్టెలాంటి బీరువా. బల్లమీద తెల్లకాయితం, జిగురు సీసా పెట్టి ఉన్నాయి.

"కూర్చో. శుక్రవారానికి కొత్త కాయితం రాసివ్వాలి. జేబు వెళ్ళి తిరిగొచ్చేసరికి వచ్చే ఏడు ఆఖరవుతుంది. ఆ తర్వాత కఫ్ఫు."

"కఫ్ఫా?"

"పాత కాయితం రాసేనాటికి దానికి పెళ్ళి కాలేదు. ఇప్పుడు దానికి ఇంకా ఒక్కరూ లేరు కదే. దాన్ని దాటించి నీకెలా ఇస్తాం? ధర్మం కాదు. దాని తర్వాత నువ్వు. నీకు ఒకత్తుందిగా, ఏడవడానికి."

గుండీ వేళ్ళు మడిచి లెక్కేసుకుంది. "అప్పటికి చిట్టికి ఎనిమిదొస్తాయి వదినా. నాకు ముప్పై ఏడు."

"ఎనిమిదేళ్ళ పిల్లంటే సగం అమ్మ. నీకే సుఖం." వదిన కళ్ళజోడు తీసి, మెడలో టేపు చివరతో తుడిచింది. "చూడు, నేనంటే మీ అందరికీ ఒళ్ళుమంటని నాకు తెలుసు. నేను రాయించకపోతే యజమాని రాయిస్తాడు. ఆయన ఇంత కాయితం పాడుచెయ్యడు. ఒకటే ముక్క రాస్తాడు, పెళ్ళయినవాళ్ళు వద్దు అని. అప్పుడు నువ్వుండవు, జేబుండదు, కఫ్ఫుండదు. ఏది నయం?"

జవాబు గొంతు దాకా వచ్చింది. కాని నాలుగేళ్ళ అలవాటు ముందు పరిగెత్తింది.

"సరే వదినా," అంది.

తిరిగొచ్చి మెషీను మీద కూర్చుంది. 'సరే' అన్న మాట పంటి కింద రాయిలా కలుక్కుమంటోంది. పాదం ఎంత జోరుగా తొక్కిందంటే సూది చొక్కా గుండీకి తగిలి రెండు ముక్కలయింది. ఒక ముక్క ఎగిరి కఫ్ఫు బుట్టలో పడింది. "కంట్లో పడితే ఏమయ్యేదక్కా!" అని కఫ్ఫు కేక పెట్టింది. పాపం ఆ పిల్లకి అద్దాల గదిలో ఏం మాట్లాడుకున్నారో తెలియదు. తెలియని పిల్ల మీద కూడా గుండీకి కోపం వచ్చింది. అప్పుడు మాత్రం కాస్త భయం వేసింది. ఇలా కోపం తెచ్చుకుంటూ పోతే లైన్లో మిగిలేదెవరు?

బుధవారం సగంరోజు సెలవు పెట్టి ఆసుపత్రికి వెళ్ళింది. డాక్టరమ్మ తనకన్నా చిన్నదే. పాత కాయితాలు తిరగేస్తూ అడిగింది.

"మొదటిది ఆపరేషనా? అప్పుడు ఎన్నాళ్ళు ఆగమన్నారు?"

"రెండేళ్ళన్నా ఆగమన్నారండీ."

"మీరు ఐదేళ్ళు దాటించారు. మధ్యలో ఏమన్నా ఇబ్బంది వచ్చిందా? పోవడం, నిలవకపోవడం..."

"లేదండీ. అసలు... అనుకోలేదు."

"ఇప్పుడు కావాలంటున్నారు కదా. మరి ఇన్నాళ్ళూ ఎందుకాగారు?"

ఊరికే అడిగింది డాక్టరమ్మ. 'వరస రాలేదండీ' అనాలి గుండీ. ఎదుటి కుర్చీలో తెల్లకోటు వేసుకుని కూర్చున్న ఆ అమ్మాయికి ఆ మాట ఎలా వినబడుతుందో ఒక్కసారి తలుచుకుంది. సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది.

"ఇంట్లో వీలు కాలేదండీ," అంది.

"ఇంకో రెండున్నరేళ్ళు ఆగితేనో?" అని మళ్ళీ తనే అడిగింది.

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "ఆగకూడదని నేననను. ఆగితే ఇప్పటికన్నా కాస్త కష్టం కావచ్చు, అంతవరకే చెప్పగలను. పరీక్షల్లో ఇప్పుడు మీకేం లోపం లేదు. ఎంత ఎడం కావాలన్నది మీరూ మీవారూ అనుకోవాలి. మధ్యలో ఎవరూ చెప్పేది కాదు."

బయటికొచ్చి ఆసుపత్రి మెట్ల మీద కూలబడింది. వచ్చేపోయేవాళ్ళు ఆమెను తప్పుకుని నడుస్తున్నారు. ఇంట్లో వీలు కాలేదట! ఎంత గబుక్కున వచ్చింది అబద్ధం! అత్తగారిని అడ్డం పెట్టింది, మొగుణ్ణి అడ్డం పెట్టింది. ఎవర్ని కాపాడ్డానికి? బీరువా తలుపుకి వేలాడుతున్న ఒక అట్టని. నిన్నటిదాకా జేబు మీద, వదిన మీద తిరుగుతున్న కోపం ఆ మెట్ల మీద గిర్రున వెనక్కి తిరిగి తన చేతికేసి చూసింది. రాసిన చెయ్యి ఇదేగా. ఎవరెవరికి 'తర్వాత' అని రాసిందో వాళ్ళందరూ గుర్తొచ్చారు. చొక్కా చేతులు కుట్టే చెయ్యి మెషీను మనిషికి రెండుసార్లు అలా రాసింది. మూడోసారి రాయాల్సిన పని లేకుండా, "ఇక నాకొద్దులే, కొట్టెయ్" అని ఆవిడే నవ్వుతూ చెప్పింది. తనూ నవ్వుతూనే కొట్టేసింది. గీత వంకర పోకుండా స్కేలు పెట్టి మరీ కొట్టేసింది.

గురువారం మధ్యాహ్నం డబ్బాలు కడుక్కునే తొట్టి దగ్గర జేబు వాంతి చేసుకుంటోంది. గుండీ చూసి చూడనట్టు పక్క కుళాయి దగ్గరికెళ్ళింది. ఆ పిల్ల మొహం కడుక్కుని, మోకాళ్ళ మీద చేతులాన్చుకుని వంగే ఉండిపోయింది.

"నువ్వు సరే అనలేదక్కా," అంది అలా వంగే.

"నా మాట ఒక్కటే తక్కువైందా నీకు?"

"అందరూ నోటితో అన్నారు. నిజంగా పోయింది నీది కదా." జేబు మొహం తుడుచుకుంది. "కావాలని కాదక్కా. పిల్లాడింకా పాలు తాగుతున్నాడు, ఏం కాదులే అనుకున్నాం. మా ఆయనైతే, అప్పుడే రెండోదా, జనం నవ్వుతారు అంటున్నాడు. నవ్వేశారుగా."

"ఊరుకో. ముందు నీళ్ళు తాగు."

"వదిన నిన్న పిలిచింది." ఆ పిల్ల గొంతు తగ్గించింది. "మీ చిన్నవాడికి ఏడాది కూడా నిండలేదు, నీ ఒంటికీ మంచిది కాదు, రెండో నెలేగా, ఆలోచించుకో అంది. శనివారం సెలవిస్తానంది. నేను అడక్కుండానే ఇస్తానంది."

గుండీ చేతిలో డబ్బా మూత జారి తొట్టిలో పడింది. కుళాయి పారుతూనే ఉంది.

"నీకేం అనిపిస్తోంది?"

"నాకా?" జేబు వెర్రిగా చూసింది. ఆ మాట ఎవరూ అడగనట్టుంది. "నాకు... భయమేస్తోంది. కాని పొద్దున లేవగానే ఉందా లేదా అని పొట్ట మీద చెయ్యేసి చూసుకుంటున్నా. పిచ్చిదాన్ని, ఇప్పుడే ఏం తెలుస్తుంది?" నవ్వబోయింది, రాలేదు. "నువ్వు చెప్పక్కా. నువ్వు ఎప్పట్నుంచో కాచుకున్నావు. నువ్వు ఊఁ అంటే తీయించేసుకుంటా. నీ వరస నీకిచ్చేస్తా."

బస్సులో సీటు ఇస్తానన్నంత మర్యాదగా అంది ఆ మాట. ఒక ప్రాణాన్ని తీసి చేతిలో పెడతానంటోంది ఈ పిల్ల, పుచ్చుకోమంటోంది. పుచ్చుకుంటే తన బిడ్డకి చోటొస్తుంది. ఆ పిల్లని ఈ మాట అనేదాకా తెచ్చిన అక్షరాలు గుండ్రంగా ఉంటాయి, ముచ్చటగా ఉంటాయి, అందరూ మెచ్చుకుంటారు.

"ఛీ, నోర్ముయ్!" అంది. ఆ పిల్ల బెదిరి ఒకడుగు వెనక్కి వేసింది. గుండీ ఆమె చెయ్యి పట్టుకుని లాగి, కుళాయి కట్టేసింది. "నీకు వద్దనుకుంటే అది నీ ఇష్టం. నీకు కావాలనుకుంటే కను. నాకోసం అని మాత్రం ఇంకోసారి అన్నావంటే చెంప పగలగొడతా. శనివారం సెలవు అక్కర్లేదని చెప్పు."

"ఆవిడకెవరు చెబుతారక్కా?"

గుండీ తొట్టిలోకి వంగింది. మూత తీసుకుని, కడిగిందే మళ్ళీ కడిగింది.

శుక్రవారం పొద్దున దీపం వెలిగించి చాలాసేపు చేతులు జోడించుకుని నిలబడింది. రోజూ అడిగేవి అడగలేదు. నువ్వు ఇచ్చేవాడివని నాకు చిన్నప్పట్నుంచి నమ్మకం, అంది మనసులో. ఒకటే తెలియక అడుగుతున్నా. ఇన్నేళ్ళూ నువ్వివ్వలేదా, ఇస్తుంటే నేనే తలుపు మూసి, బయట వరస కాయితం అంటించానా? చిట్టి వచ్చి, "అమ్మా, జడ," అంది.

హాల్లో వదిన బీరువా తాళం ఇచ్చి కొత్తగుడ్డ లెక్క చూసుకోవడానికి వెనక గోడౌనుకి వెళ్ళింది. గుండీ అట్ట దింపి బల్లమీద పరిచింది. తెల్లకాయితం ముందు పెట్టుకుని 'జేబు' అని రాసింది. రెండో పేరు దగ్గర కలం ఆగింది. ఎంతకీ కదలలేదు.

పాత కాయితం ఒక అంచున లేచి ఉంది. ఊరికే గోటితో గోకింది. కొత్తకాయితం ఏటేటా పాతదాని మీదే అంటించడం ఆమె చేతికొచ్చాక మొదలైన అలవాటు, అంతకుముందు ఏళ్ళ తరబడి ఒక్క కాయితం మీదే కొట్టేసి దిద్దుకునేవాళ్ళు. తడిగుడ్డ అద్ది లాగితే పొర మొత్తం వచ్చేసింది. కింద పోయిన ఏటిది. ఆ కింద అంతకు ముందుది. నాలుగు పొరల్లోనూ తన అక్షరాలే, ఒక్క కొట్టివేత కూడా వంకర పోకుండా. ఐదో పొర తనది కాదు. నీలం సిరా, కుడివైపుకి వాలిన గట్టి రాత. రోజూ హాజరు పుస్తకంలో చూసే వదిన రాతే. అది మొట్టమొదటి కాయితం. అన్నిటికన్నా పైన 'కాలరు' అని ఉంది. పక్కన ఒక నెల. ఆ నెల కొట్టేసి ఇంకో నెల, మరుసటి ఏటిది. అదీ కొట్టేసి ఇంకొకటి. ఆఖరికి నెలతోపాటు 'కాలరు' అన్న మాటనే రెండు గీతలు పెట్టి కొట్టేశారు.

వదిన పెద్ద కాకముందు పదిహేనేళ్ళు కాలరు మెషీను మీద కూర్చుందని హాల్లో అందరికీ తెలుసు. ఆవిడకి ఒక్కడే కొడుకని కూడా తెలుసు. ఒకడే చాలనుకుందట అని అందరూ అనుకునేవారు.

గుండీ ఆ అట్ట పట్టుకుని తన మెషీను దగ్గరికొచ్చి నిలబడింది. వదిన గోడౌను నుంచి చేతులు దులుపుకుంటూ వచ్చింది.

"అయిందా రాయడం?"

"రాయను వదినా."

కఫ్ఫు మెషీను ఆగింది. తర్వాత కాలరు. చప్పుడు వెనక నుంచి ముందుకి ఒక్కొక్క మెషీనే ఆరిపోతూ పోయింది.

"రాయవా? ఏం, చేతికేమొచ్చింది?"

"చేతికి ఇప్పుడే బుద్ధొచ్చింది. ఇన్నేళ్ళూ వదినా వదినా అని పిలుస్తున్నా. అసలు మీరు నాకు ఏ వరస అవుతారని నా వరస రాయిస్తున్నారు? కట్టుకున్నవాడే నాకెంత ఎడం కావాలని అడగడానికి సోమవారందాకా పట్టింది. మీరెవరు చెప్పడానికి? నేనెవర్ని రాయడానికి?"

"గొంతు తగ్గించు. యజమానికి నేనేం చెప్పుకోను?"

"నన్ను పిలవండి, నేను చెప్పుకుంటా. తీసేస్తే తీసేస్తాడు. జేబును శనివారం వెళ్ళి రమ్మన్నారట. అది కూడా ఆయనే చెప్పమన్నాడా?"

ముసలాయన ఇస్త్రీపెట్టె నిలువుగా పెట్టేశాడు. ఈసారి నవ్వలేదు. వదిన మొహం నల్లబడింది. "దాని మంచికే చెప్పా," అంది, కాని ఆ మాటలో పస లేదు.

గుండీ జేబు వైపు తిరిగింది. "సోమవారం నేను సరే అనలేదు. ఇప్పుడూ అనను. నువ్వేం తప్పు చేశావని అనాలి? వచ్చే నెలనుంచి నేనూ ఆగను. ఇస్తాడో ఇవ్వడో దేవుడి దయ. రెండు మెషీన్లు ఒకేసారి ఖాళీ అయితే మిగతా ఎనిమిదిమందీ కలిసి ఏం చెయ్యాలో చూద్దాం. బిడ్డల్ని ఆపడం నేర్చుకున్నవాళ్ళం, ఒకరి పని ఒకరం నేర్చుకోలేమా?"

"జేబులు నేను కుడతా," అంది చెయ్యి మెషీను మనిషి. కుర్చీలోంచి లేవకుండా, ఎవరికేసీ చూడకుండా అంది. "నాకు ఎలాగూ వెళ్ళే పని లేదుగా."

వదిన గుండీ చేతిలో ఉన్నదాన్ని అప్పుడు చూసింది. కళ్ళజోడు పైకి తోసుకుంది. గుండీ అట్టని ఆవిడ వైపు తిప్పి పట్టుకుంది.

"అడుగున ఉంది."

వదిన దగ్గరికొచ్చింది. చాలాసేపు చూసింది. కుట్టు బిగువు చూసేటప్పుడు పెట్టినట్టు బొటనవేలి గోరు ఆ రెండు గీతల మీద పెట్టి, ఆ చివరనుంచి ఈ చివరిదాకా నెమ్మదిగా జరిపింది. గీతలు ఎక్కడా విడలేదు. చెయ్యి తీసేసుకుంది.

గుండీ కోపం ఆ గోరు వెంట కాస్త దారి తప్పింది గాని, ఆరలేదు. ఆరనివ్వదలుచుకోలేదు కూడా. అట్టని మెషీను మీద బోర్లా పడుకోబెట్టి, పెద్ద కత్తెర తీసుకుని, నిలువునా కోసింది. మందమైన అట్ట. కర్రమని చప్పుడు చేస్తూ తెగింది. జానెడున్నర పొడవు, రెండు వేళ్ళ వెడల్పు. అంచు నున్నగా చేసింది. అరిగిపోయిన పాత ముక్కని బుట్టలో పడేసి, కొత్తదాని మీద గంట్లు పెట్టడానికి కత్తెర మొన ఆనించింది.

వదిన ఇంకా అక్కడే నిలబడి ఉంది. ఎవరితోనో కాక తనతో తానే అనుకుంటున్నట్టు అంది.

"మొదటిదానికీ రెండోదానికీ మరీ ఎడం పెట్టకు. నోరు తెరుస్తుంది."

"ఎంత పెట్టాలో నాకు తెలుసు వదినా," అంది గుండీ. మొన నొక్కి, మొదటి గంటు కోసింది.